పసుపు జెర్సీ కథలో బార్బోసా చోటు

బ్రెజిల్ ఫుట్‌బాల్ జట్టుకు ‘కనారిన్యో’ అన్న ముద్దుపేరు ఎలా వచ్చిందో చెప్పే కథ ప్రపంచ కప్పు వచ్చిన ప్రతిసారీ మన పత్రికల క్రీడా పేజీల్లో ఏదో ఒక మూల కనిపిస్తుంది. 1950లో సొంతగడ్డపై ఉరుగ్వే చేతిలో ఓడారు, ఆ దుఃఖంతో అప్పటిదాకా వేసుకున్న తెల్ల జెర్సీని వదిలేశారు, ఒక పత్రిక పోటీ పెట్టింది, ఒక కుర్రవాడు పసుపు జెర్సీ గీసి ఇచ్చాడు, ఆ పసుపును చూసి జనం తమ జట్టును కెనరీ పిట్ట అని పిలుచుకున్నారు, ఆ జట్టు ఐదుసార్లు ప్రపంచ విజేత అయింది. దుఃఖంతో మొదలై సంబరంతో ముగుస్తుంది కనుక ఈ కథ చెప్పేవారికీ వినేవారికీ తృప్తిగా ఉంటుంది.

ఈ మధ్య మా బంధువుల అబ్బాయి తన స్కూల్లో చేయబోయే ప్రసంగం కోసం ఇదే కథను చక్కగా రాసుకుని నాకు చదివి వినిపించాడు. తేదీలు, స్కోర్లు, పోటీ గెలిచిన చిత్రకారుడి పేరు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అంతా విన్నాక, “మరి ఆ రోజు గోల్‌పోస్టు ముందు నిలబడిన ఆయన తర్వాత ఏమయ్యాడు?” అని అడిగాను. వాడు కాగితాలు అటూ ఇటూ తిప్పి, “ఆయన గురించి నేను చదివినవాటిలో ఎక్కడా లేదు బాబాయ్” అన్నాడు. వాడిని తప్పుపట్టడానికి లేదు. ఇదే కథ మీద నేను చదివిన వ్యాసాల్లోనూ చాలావాటిలో ఆ గోల్‌కీపరు, మొవాసిర్ బార్బోసా, లేడు. వాడి జవాబు తర్వాత చాలా రోజులు నాలో నేను వాదించుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పసుపు జెర్సీ పుట్టుకను ఒక దేశం తన గాయాన్ని మాన్పుకున్న కథగా చెప్పడం సరికాదని నేను అనుకుంటున్నాను. ఓటమికి కారణం వెతుక్కునే తొందరలో ఆ దేశం కొందరు మనుషులమీదా ఒక బట్టమీదా నింద వేసింది. నింద పడ్డ బట్టను నాలుగేళ్లు తిరగకుండానే పక్కన పెట్టేసి, దానితో తన లెక్క తీరిపోయిందనుకుంది. మనుషులమీద వేసిన నిందను మాత్రం వాళ్లు బతికున్నంతకాలం దించలేదు. ఈ రెండూ ఒకే ఓటమి నుంచి, ఒకే రకమైన ఆలోచన నుంచి పుట్టాయి. అందుకని మొదటిదాన్ని ముచ్చటగా చెప్పుకుంటూ రెండోదాన్ని వదిలేసే హక్కు కథ చెప్పేవారికి లేదని నా నమ్మకం.

ఆ రెండో గోలు

1950 జులై 16న రియోలోని మారకానా స్టేడియంలో జరిగింది పేరుకు ఫైనల్ కాదు. నాలుగు జట్ల చివరి దశలో అది ఆఖరి మ్యాచ్ మాత్రమే. బ్రెజిల్‌కు డ్రా సరిపోతుంది. అంతకుముందు స్వీడన్‌ను 7-1తో, స్పెయిన్‌ను 6-1తో ఓడించి వచ్చిన జట్టు అది. టిక్కెట్టు కొన్నవారే 1,73,850 మంది. లోపలికి వచ్చినవారు దాదాపు రెండు లక్షలని అంచనా. ఆట మొదలుకాకముందే నగర మేయరు మైకులో ఆటగాళ్లను విజేతలుగా సంబోధించాడు. ఒక పత్రిక ‘వీరే ప్రపంచ విజేతలు’ అంటూ జట్టు ఫొటోను ముందుగానే అచ్చువేసింది. ఓటమి అంత బరువెక్కడానికి ఈ తొందరపాటు ఎంత కారణమో తర్వాత నిందలు పంచినవాళ్లు చాలామంది లెక్కలోకి తీసుకోలేదు.

ద్వితీయార్ధం మొదలైన రెండో నిమిషంలో ఫ్రియాసా గోలు కొట్టాడు. 66వ నిమిషంలో ఉరుగ్వే కుడి అంచు ఆటగాడు గిజ్జియా, తనను కాపలా కాస్తున్న బిగోదెను దాటుకుని వెళ్లి బంతిని మధ్యకు పంపాడు, స్కియాఫినో దాన్ని గోల్లోకి కొట్టాడు. 79వ నిమిషంలో అదే గిజ్జియా అదే దారిలో మళ్లీ వచ్చాడు. గోల్‌కీపరు మొవాసిర్ బార్బోసా ఈసారి కూడా బంతి మధ్యకే వస్తుందని అనుకుని, తన ఎడమవైపు గోల్‌పోస్టు దగ్గరనుంచి కాస్త ముందుకు జరిగాడు. గిజ్జియా బంతిని మధ్యకు పంపలేదు. బార్బోసాకూ గోల్‌పోస్టుకూ మధ్య ఉన్న సందులోకి నేలబారుగా కొట్టాడు. 2-1. మిగిలిన పదకొండు నిమిషాల్లో బ్రెజిల్ ఇంకో గోలు కొట్టలేకపోయింది.

బార్బోసా తప్పేమీ లేదని నేను వాదించబోవడం లేదు. దగ్గరి పోస్టువైపు గోలు పడనివ్వకూడదన్నది గోల్‌కీపర్లకు మొదటి పాఠం. కానీ పదమూడు నిమిషాల ముందు అదే ఆటగాడు అదే చోటినుంచి బంతిని మధ్యకు పంపి గోలు చేయించాడన్న సంగతి తెలిసిన గోల్‌కీపరు ఆ అడుగు వేయడంలో అర్థం ఉంది. అతడు ఒక అంచనా వేశాడు, ఎదుటివాడు దానికి విరుద్ధంగా కొట్టాడు. ఇక గిజ్జియాను రెండుసార్లు ఒకే దారిలో ఎందుకు రానిచ్చారు, బిగోదెకు వెనుకనుంచి సాయం ఎందుకు అందలేదు, 1-1 చాలుననుకోవలసిన జట్టు ఆ పదమూడు నిమిషాలు ఆటను ఎందుకు నెమ్మదింపలేకపోయింది అన్న ప్రశ్నలకు జవాబు చెప్పవలసినవాళ్లలో కోచ్ ఫ్లావియో కోస్తా నుంచి ముందువరుస ఆటగాళ్లదాకా అందరూ ఉన్నారు. నింద మాత్రం అందరికీ సమంగా పడలేదు. అందులో పెద్ద వాటా బార్బోసా, బిగోదె, జువెనల్ అనే ముగ్గురు రక్షణ ఆటగాళ్లమీద పడింది. ముగ్గురూ నల్లజాతివారు. బానిసత్వాన్ని చట్టంతో రద్దుచేసి అప్పటికి 62 ఏళ్లు మాత్రమే అయిన దేశంలో దీన్ని యాదృచ్ఛికమని సరిపెట్టుకోవడం నాకు సాధ్యం కాదు.

తెల్ల జెర్సీమీద నేరారోపణ

మనుషుల తర్వాత వంతు జెర్సీకి వచ్చింది. నీలం కాలరున్న ఆ తెల్ల జెర్సీలో జెండా రంగులు కనిపించవనీ, దేశాన్ని గుర్తుచేసే శక్తి దానికి లేదనీ విమర్శ మొదలైంది. వినడానికి ఇది సబబైన విమర్శే. కానీ విమర్శ వచ్చిన సమయాన్ని గమనించాలి. 1919లో, 1922లో దక్షిణ అమెరికా కప్పు గెలిచిన జట్టు వేసుకున్నది తెలుపే. 1949లో ఉరుగ్వేను 5-1తో, నిర్ణాయక మ్యాచ్‌లో పరాగ్వేను 7-0తో చిత్తుచేసి మళ్లీ ఆ కప్పు అందుకున్న జట్టుదీ తెలుపే. గెలిచిన రోజుల్లో అందులో దేశం లేదన్న మాట ఇంత గట్టిగా వినిపించలేదు. అన్నిటికంటే బలమైన ఉదాహరణ 1952ది. ఆ ఏడాది చిలీ రాజధాని శాంటియాగోలో జరిగిన పాన్ అమెరికన్ పోటీలో బ్రెజిల్ ఉరుగ్వేను 4-2తో ఓడించి విజేత అయింది. తన దేశం బయట ఆ జాతీయ జట్టుకు దక్కిన మొదటి పెద్ద విజయం, అదీ మారకానా తర్వాత రెండేళ్లలోపే, తెల్ల జెర్సీ కాలంలోనే వచ్చింది. తెలుపు శాపమైతే ఆ శాపం అక్కడే తీరిపోయి ఉండాలి. అయినా జెర్సీకి క్షమాభిక్ష దొరకలేదు.

1953లో ‘కొరెయో దా మన్యా’ అనే రియో పత్రిక అప్పటి క్రీడా సమాఖ్య సహకారంతో కొత్త జెర్సీకోసం పోటీ ప్రకటించింది. షరతు ఒక్కటే: జెండాలోని ఆకుపచ్చ, పసుపు, నీలం, తెలుపు నాలుగూ వాడాలి. గెలిచిన నమూనాను 1954లో స్విట్జర్లాండ్‌లో జరిగే ప్రపంచ కప్పులో జట్టు వేసుకుంటుంది.

ఇక్కడ కాసేపు ఆగి ఆల్దిర్ గార్సియా ష్లీ గురించి చెప్పాలి. ఈ కథలో నాకు అత్యంత ఇష్టమైన భాగం ఆయనదే. దేశానికి దక్షిణపు చివర, రియో గ్రాండె దో సుల్ రాష్ట్రంలో, నదికి ఇవతల జగ్వారావ్, అవతల ఉరుగ్వేకు చెందిన రియో బ్రాంకో, మధ్యలో ఒక వంతెన. ఆ జగ్వారావ్‌లో 1934లో పుట్టిన ష్లీ పోటీనాటికి ఇంకా ఇరవై నిండని యువకుడు. పెలోటస్ పట్టణంలో పత్రికలకు బొమ్మలు వేస్తుండేవాడు. సరిహద్దు ఊళ్లలో పెరిగినవాళ్లకు రెండు దేశాల భాషలూ, రెండు దేశాల రేడియోలూ, రెండు దేశాల ఆటగాళ్లూ సొంతమే అవుతారు. ష్లీ ఫుట్‌బాల్‌లో ఉరుగ్వే అభిమాని. జీవితాంతం ఆ మాట దాచుకోకుండా చెప్పాడు. ఉరుగ్వే చేతిలో ఓడిపోయినందుకు బ్రెజిల్ మార్చుకున్న జెర్సీని ఉరుగ్వే అభిమానే గీశాడు.

ఆయన ఎదుర్కొన్న చిక్కు మామూలుది కాదు. మూడు రంగులను ఆటగాడి ఒంటిమీద సర్దవచ్చు. నాలుగు రంగులను, అందులోనూ జెండాలో పక్కపక్కన ఇమిడిపోయే ఈ నాలుగింటిని, చొక్కా నిక్కరు మేజోళ్లలోకి తీసుకురావడం కష్టం. అడ్డగీతలు, నిలువుగీతలు, ఏటవాలు పట్టీలు అంటూ ఆయన వందకు పైగా నమూనాలు వేసి చూశాడు. నాలుగూ జెర్సీలోనే ఉండాలన్న పట్టు వదిలాకే దారి దొరికింది. జెర్సీ పసుపు, కాలరూ చేతుల అంచులూ ఆకుపచ్చ, నిక్కరు నీలం, దానికి పక్కన తెల్ల గీత, మేజోళ్లు తెలుపు. ఏ రంగూ ఇంకోదానితో తగవు పడకుండా ఒక్కోదానికి ఒక్కో చోటు ఇచ్చాడు. డెబ్బై ఏళ్లు దాటినా మౌలికంగా ఎవరూ మార్చలేకపోయిన ఆ అమరికను చూస్తే, ఆ వయసువాడికి అంత నిగ్రహం ఎక్కడిదా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. ఆయన తర్వాత అధ్యాపకుడిగా, కథారచయితగా స్థిరపడి సరిహద్దు మనుషుల కథలు రాశాడు. 2018 నవంబరు 15న పెలోటస్‌లో కన్నుమూశాడు. ఆ మర్నాడే లండన్‌లో బ్రెజిల్, ఉరుగ్వే స్నేహపూర్వక మ్యాచ్ ఆడాయి.

ష్లీని నేను నిందించడం లేదని ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. తనకు ఇచ్చిన పనిని ఆయన అద్భుతంగా చేశాడు. నా అభ్యంతరం ఆ పని ఎందుకు ఇచ్చారన్నదానిమీద, దానినుంచి ఏమి ఆశించారన్నదానిమీద.

పేరు, దాని వెనుక రేడియో

కొత్త జెర్సీ 1954 మార్చిలో మారకానాలో చిలీతో జరిగిన మ్యాచ్‌లో సొంత ప్రేక్షకుల ముందుకు వచ్చింది. నాలుగేళ్ల కిందట ఏడ్చిన మైదానంలోనే కొత్త రంగును చూశారు. ఆ రంగును కెనరీ పిట్టతో పోల్చి ‘కనారిన్యో’ జట్టు అన్న మాటను వాడుకలోకి తెచ్చిన గౌరవాన్ని సాధారణంగా జెరాల్దో జొజె దె అల్మైదా అనే వ్యాఖ్యాతకు ఇస్తారు. అప్పుడు దేశంలో ఎక్కువమంది మ్యాచ్‌ను చూడటం లేదు, వింటున్నారు. 1970 ప్రపంచ కప్పును మెక్సికోనుంచి రంగుల్లో ప్రసారం చేసినా, బ్రెజిల్‌లో మామూలు టీవీ ప్రసారాలకు రంగు వచ్చింది 1972లోనే. అంటే లక్షలమంది బ్రెజిలియన్లకు ఆ జెర్సీ ఏళ్ల తరబడి నలుపు తెలుపు ఫొటోల్లో బూడిద రంగుగానే కనిపించింది. వాళ్లకు ఆ పసుపును చూపించింది ఈ పిట్ట పేరే. అంత అందమైన పేరు అంత త్వరగా ఎందుకు నాటుకుపోయిందో నాకు ఇందువల్లే అర్థమవుతుంది.

కానీ పేరు నాటుకున్నంత మాత్రాన ఓటములు ఆగలేదు. పసుపు జెర్సీతో వెళ్లిన మొదటి ప్రపంచ కప్పులోనే, 1954 జూన్ 27న బెర్న్‌లో, హంగరీ చేతిలో 4-2తో ఓడిపోయారు. ఇద్దరు బ్రెజిలియన్లను, ఒక హంగరీ ఆటగాణ్ని రిఫరీ బయటకు పంపిన ఆ మ్యాచ్ ఆట తర్వాత డ్రెస్సింగ్ రూములదాకా సాగిన కొట్లాటకే ఎక్కువ గుర్తుంది. మొదటి కప్పు వచ్చిన 1958 ఫైనల్ రోజున జట్టు అసలు పసుపే వేసుకోలేదు. స్వీడన్ జట్టుదీ పసుపే కావడంతో బ్రెజిల్ రంగు మార్చుకోవలసివచ్చింది. స్టాక్‌హోమ్‌లో నీలం జెర్సీలు కొని, పసుపు జెర్సీలమీది చిహ్నాలను విప్పి వాటిమీద కుట్టారు. ఆటగాళ్లు దిగులు పడుతుంటే బృంద నాయకుడు పౌలో మషాదో దె కర్వాల్యో, అది బ్రెజిల్‌ను కాపాడే తల్లిగా కొలిచే అపరేసిదా మాత వస్త్రం రంగు అని ధైర్యం చెప్పాడు. నీలం జెర్సీలో 5-2తో గెలిచారు.

ఈ 1958 ఘట్టాన్ని చాలామంది వినోదంగా చెబుతారు. నాకు అందులో తీవ్రమైన విషయం కనిపిస్తుంది. జెర్సీ మారితే భయపడే స్థితికి ఆటగాళ్లను తెచ్చింది ఎనిమిదేళ్లుగా జెర్సీకి అంటగట్టిన శక్తే. రంగుకు నిజంగా శక్తి ఉంటే ఆ రోజు ఓడిపోవాలి. గెలిపించింది జట్టు ఎంపికలో వచ్చిన మార్పు: ఆ పోటీలో మూడో మ్యాచ్‌నుంచి, సోవియట్ యూనియన్ మీద, పదిహేడేళ్ల పెలేనూ, వంకర కాళ్ల గరించానూ మొదటినుంచి ఆడించడం. ఆ ఇద్దరూ ఒత్తిడికి తట్టుకునేవారు కాదని జట్టు మనస్తత్వ నిపుణుడు నివేదిక ఇచ్చినా కోచ్ విసెంతె ఫియోలా దాన్ని పక్కన పెట్టాడు. నల్లజాతి, మిశ్రమజాతి ఆటగాళ్లు పెద్ద మ్యాచ్‌లలో బెదిరిపోతారన్న 1950నాటి అపవాదును కాస్తయినా కదిలించగలిగింది ఆ నిర్ణయమే.

మనిషికి దొరకని విడుదల

బార్బోసాకు ఆ విజయాల్లో వాటా దక్కలేదు. వాస్కో ద గామా క్లబ్బు తరఫున 1948లో దక్షిణ అమెరికా క్లబ్బుల పోటీ గెలిచినవాడు, 1949లో దేశానికి కప్పు తెచ్చిన జట్టులో గోల్‌కీపరు, తన కాలపు అత్యుత్తముల్లో ఒకడని తోటివారు ఒప్పుకున్నవాడు. 1950 తర్వాత జాతీయ జట్టుకు ఆయన ఆడింది 1953లో ఒక్క మ్యాచ్. ఆట మానేశాక చాలాకాలం అదే మారకానా ప్రాంగణంలో ఉద్యోగం చేశాడు. ఒకసారి బజారులో ఒక తల్లి తన పిల్లవాడికి ఆయన్ను చూపించి, దేశం మొత్తాన్ని ఏడిపించిన మనిషి ఇతడేనని చెప్పిందని ఆయనే అనేకసార్లు చెప్పుకున్నాడు. ఆ పిల్లవాడు 1950 నాటికి పుట్టి కూడా ఉండడు.

1993లో, మరుసటి ఏటి ప్రపంచ కప్పుకు అర్హత కోసం జట్టు సిద్ధమవుతున్నప్పుడు, డెబ్బై దాటిన బార్బోసా శిక్షణ శిబిరాన్ని చూడటానికి వెళితే, దురదృష్టం తెస్తాడన్న భయంతో లోపలికి రానివ్వలేదు. ఆ జట్టు వేసుకున్నది పసుపు. తెలుపును వదిలేసి అప్పటికి నలభై ఏళ్లు కావస్తోంది. అపశకునాన్ని జెర్సీతో పాటు వదిలేశామని చెప్పుకున్న దేశం దాన్ని ఒక మనిషి ఒంటిమీద అంతకాలం అలాగే ఉంచిందన్నమాట. ఈ ఒక్క సంఘటన నా వాదనకు ఆధారం. బ్రెజిల్‌లో గరిష్ఠ శిక్ష ముప్పై ఏళ్లేననీ, తాను మాత్రం చేయని నేరానికి యాభై ఏళ్లుగా శిక్ష అనుభవిస్తున్నాననీ ఆయన చివరి రోజుల్లో అన్న మాట అందరికీ తెలిసిందే. 2000 ఏప్రిల్ 7న ఆయన చనిపోయాడు.

నింద ఆయనతోనూ ఆగలేదు. నల్లజాతి గోల్‌కీపరును నమ్మకూడదన్న మాట బ్రెజిల్ ఫుట్‌బాల్‌లో దశాబ్దాలు చలామణి అయింది. 1966లో మాంగా ఒక మ్యాచ్ ఆడాడు. కానీ ప్రపంచ కప్పులో మొదటి ఎంపిక గోల్‌కీపరుగా ఒక నల్లజాతి ఆటగాడు మళ్లీ నిలబడటానికి 2006లో దీదా దాకా ఆగవలసి వచ్చింది.

నాకు ఎదురైన అభ్యంతరాలు

ఈ మాటలన్నీ ఫుట్‌బాల్ బాగా తెలిసిన ఒక మిత్రుడితో చెప్పినప్పుడు ఆయన ఒప్పుకోలేదు. “జెర్సీమీద నింద వేయడం మనిషిమీద వేయడం కంటే మేలు కదండీ. బట్టకు నొప్పి ఉండదు. ఒక జాతి తన దుఃఖాన్ని ఒక బట్టతో వదిలించుకుంటే దానికి మీరు సంతోషించాలి” అన్నారు. ఇది తేలిగ్గా కొట్టిపారేయగల మాట కాదు. తెల్ల జెర్సీ ఆ నిందను మొత్తంగా తనమీద వేసుకుని వెళ్లిపోయి ఉంటే నేను ఆయనతో ఏకీభవించేవాడిని. అలా జరగలేదు. జెర్సీ మారడం వల్ల బార్బోసా భారం ఒక్క పిసరు కూడా తగ్గలేదు. పైగా, మారకానా గురించి దేశం చేయవలసిన పని చేసేసిందన్న భావన అందరికీ ఏర్పడి, జట్టు ఎంపికలో, పత్రికల్లో, వీధిలో నల్లజాతి ఆటగాళ్లపట్ల ఉన్న చూపును ప్రశ్నించడం వెనక్కి పోయింది. సులువైన మార్పు చేసిన తృప్తి కష్టమైన మార్పును వాయిదా వేయిస్తుంది.

ఆయన రెండో మాట ఇంకా బలమైనది. ఒక పేరు ఎలా పుట్టిందన్నది కాదు, తర్వాత దానితో ఎవరు ఏమి చేశారన్నది ముఖ్యమని ఆయన వాదన. పెలే, గరించా, దీదీ, జైర్జీన్యో, రొమారియో, రొనాల్దో ఆ పసుపును తమ సొంతం చేసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది ఆ నిందపడ్డ ముగ్గురి వర్ణంవారే. అంతకంటే గొప్ప జవాబు ఏముంటుంది అన్నారు. దీనితో నేను చాలావరకు ఏకీభవిస్తాను. పసుపు జెర్సీని చూస్తే నాకు కలిగే సంతోషంలో ఏ కల్తీ లేదు, ఈ వ్యాసం రాశాక కూడా ఉండదు. కానీ పెలే గెలుపు పెలేది. దానితో బార్బోసాకు జరిగిన అన్యాయం రద్దయిపోతుందని అనుకుంటే, 1958లోనూ 1962లోనూ 1970లోనూ కప్పు గెలిచిన తర్వాత 1993లో ఆయన్ను గేటు దగ్గర ఎందుకు ఆపారో చెప్పగలగాలి.

మూడోది నాకు నేనే వేసుకున్న ప్రశ్న. హైదరాబాదులో కూర్చుని రియో గాయాల గురించి తీర్పు చెప్పడానికి మనమెవరం? ఈ సందేహం నన్ను నిజంగానే కొంతకాలం ఆపింది. అయితే ఆ దేశపు పేరును మనం కూడా వాడుకున్నాం. మన హైదరాబాదుకే చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్టును ‘ఆసియా బ్రెజిల్’ అని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం. తులసీదాస్ బలరాం ఆట గురించి చెప్పే పెద్దలు కూడా ఆ మాటే వాడతారు. ఒకరి కీర్తిని మన కొలమానంగా తీసుకున్నప్పుడు, ఆ కీర్తి వెనుక ఎవరెవరి జీవితాలు ఉన్నాయో తెలుసుకోవడం మన పని కూడా అవుతుంది. పైగా ఆ 1950 పోటీ మనకు పూర్తిగా పరాయిది కూడా కాదు. అందులో చోటు దొరికీ వెళ్లని జట్టు మనది.

మళ్లీ అదే ఆలోచన

ఇదంతా ఎప్పుడో ముగిసిన చరిత్ర అయితే ఇంత పొడవున రాసేవాడిని కాదు. గత పదేళ్లలో పసుపు జెర్సీ బ్రెజిల్ రాజకీయాల్లో చిక్కుకుంది. 2015, 2016లలో అధ్యక్షురాలు దిల్మా రూసెఫ్‌కు వ్యతిరేకంగా జరిగిన ఊరేగింపుల్లో అది యూనిఫారంలా కనిపించింది. తర్వాత మాజీ అధ్యక్షుడు బొల్సొనారో మద్దతుదారులు దాన్ని తమ గుర్తుగా చేసుకున్నారు. 2023 జనవరి 8న బ్రసీలియాలో పార్లమెంటు, సుప్రీంకోర్టు, అధ్యక్ష భవనాలమీద దాడి చేసినవారిలో ఎందరో ఆ జెర్సీలోనే ఉన్నారు. ఆ రాజకీయాలు నచ్చనివారు జట్టును ప్రేమిస్తూనే జెర్సీ వేసుకోవడం మానేశారు. ఈ నేపథ్యంలోనే పసుపును వదిలి పాత తెలుపుకు తిరిగి వెళ్లాలని కొందరు ప్రచారం చేశారు. 2019 కోపా అమెరికా (అదే దక్షిణ అమెరికా కప్పు) ఆరంభ మ్యాచ్‌లో, 1919 విజయానికి నూరేళ్లయిన సందర్భంగా, జట్టు తెలుపు వేసుకుని బొలీవియాపై గెలిచినప్పుడు ఆ ఆలోచనకు మరింత ఊపు వచ్చింది.

వారి బాధ నాకు అర్థమవుతుంది. అయినా వారితో ఏకీభవించలేను. జెర్సీని ఒక రాజకీయ వర్గం వాడుకుంటే జెర్సీని మార్చేయాలనడం 1953లో చేసిన పనినే తిరగేసి చేయడం. అప్పుడు ఓటమి తెలుపులో ఉందనుకున్నారు. ఇప్పుడు విద్వేషం పసుపులో ఉందనుకుంటున్నారు. 1970లోనూ సైనిక నియంత మెదిసి ఆ జట్టు గెలుపును తన ప్రచారానికి ఎడాపెడా వాడుకున్నాడు. ఆ పోటీకి కొన్ని నెలల ముందే, కమ్యూనిస్టు అయిన కోచ్ జొవావ్ సల్దాన్యాను తప్పించి జగాలోను పెట్టారు. ఆ జెర్సీ అంతటి నియంతనూ దాటి వచ్చింది. మనుషులతో తేల్చుకోవలసినవాటిని బట్టతో తేల్చుకోవాలన్న కోరిక ఇప్పుడైనా ఆగాలి. 2022 ఎన్నికల్లో గెలిచిన లూలా, ఖతార్ ప్రపంచ కప్పుకు ముందు, ఆకుపచ్చ పసుపు జెర్సీ వేసుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదని తనవారికి చెప్పడం నాకు సరైన దారిగా తోచింది.

ఈ విషయంలో బ్రెజిల్‌కే ఒక మంచి ఉదాహరణ ఉంది. 2014 జులై 8న బెలో హొరిజోంచెలో జర్మనీ చేతిలో 7-1తో ఓడినప్పుడు ఒంటిమీద ఉన్నది పసుపే. మారకానా కంటే ఎన్నో రెట్లు పెద్ద అవమానం అది. ఆ ఓటమికి పసుపు రంగును దోషిగా నిలబెట్టాలన్న ఆలోచన దేశానికి రాలేదు. ఐదు నక్షత్రాలు కుట్టుకున్న జెర్సీని అనుమానించడం ఎవరికీ సాధ్యం కాలేదు. 1950లోనూ తప్పు జెర్సీది కాదనడానికి ఇంతకంటే ఏం కావాలి? ఆ మర్నాడు ‘ఎక్స్‌ట్రా’ అనే రియో పత్రిక మొదటి పేజీలో 1950నాటి రన్నరప్ జట్టుకు అభినందనలు తెలిపింది. బ్రెజిల్ ఫుట్‌బాల్‌కు అతి పెద్ద తలవంపు తెచ్చారని ఇన్నాళ్లూ వాళ్లను నిందించాం, అసలైన తలవంపు ఏమిటో నిన్న తెలిసింది అన్నది దాని సారాంశం. బార్బోసా చనిపోయి అప్పటికి పద్నాలుగేళ్లు. నిందపడ్డ ముగ్గురిలో ఒక్కరూ ఆ పేజీ చూడటానికి లేరు.

కనారిన్యో కథ చెప్పేవారు ష్లీ పేరు తప్పకుండా చెప్పాలి, జెరాల్దో జొజె దె అల్మైదా పేరూ చెప్పాలి. వాటితో పాటు, చివరిసారిగా ప్రపంచ కప్పులో తెల్ల జెర్సీ వేసుకుని మారకానాలోకి నడిచిన పదకొండుమంది పేర్లు కూడా అదే పేరాలో ఉండాలని నా కోరిక: గోల్లో బార్బోసా, ఆయన ముందు కెప్టెన్ ఆగుస్తో, జువెనల్, మధ్యలో బవర్, దనీలో, బిగోదె, ముందు ఫ్రియాసా, జిజీన్యో, అదెమీర్, జైర్, షీకో.